కండ్లకలక అన్న మాట

వానాకాలంలో బెల్లం చెమరుస్తుంది. ఎంత బిగుతు డబ్బాలో పెట్టినా అంతే. మొన్న హైదరాబాదులో, మా వంటింట్లో డబ్బా మూత తీసేసరికి ముద్ద అంచులన్నీ కరిగి నల్లటి పాకం అడుగున చేరి ఉంది. ఆ పులిసిన తీపి వాసన ముక్కుకు తగలగానే పొయ్యి మీద పాలు పొంగుతున్న సంగతి కూడా మరిచిపోయి నిలబడిపోయాను. బెల్లం వాసన ఎవరికైనా పండుగను గుర్తు చేయాలి, పరమాన్నాన్ని గుర్తు చేయాలి. నాకు మాత్రం రబ్బరు బంతి గోడకు తగిలే చప్పుడు వినిపిస్తుంది. పాలు పొంగి పోయాయి. తుడుచుకుంటూ కూర్చున్నాను.

కామారెడ్డిలో బెల్లం మార్కెట్ వెనక వీధిలో మూతపడ్డ గోదాం ఒకటి ఉండేది. దాన్ని మాకు ఆట నేర్పిన సార్ కిరాయికి తీసుకుని స్క్వాష్ కోర్టుగా మార్చాడు. సార్‌ది మా ఊరే. చిన్న వయసులోనే హైదరాబాదు పోయి ఒక క్లబ్బులో పనికి కుదిరి, పెద్దవాళ్ళు ఆడుతుంటే చూసి చూసి ఆట పట్టుకుని, చివరికి వాళ్ళకే నేర్పించేదాకా వచ్చాడు. నడి వయసులో ఏం బుద్ధి పుట్టిందో, మన పిల్లలకు నేర్పిస్తానని తిరిగొచ్చి, ఆ క్లబ్బు వాళ్ళు వాడి పారేసిన రాకెట్లను గోనెసంచుల్లో మోసుకొచ్చాడు. గోదాంను రేకులతో రెండుగా విడగొట్టి, ఒక వైపు గోడలకు సున్నం కొట్టి ఎర్ర గీతలు గీయించాడు, రెండో వైపు చాపలు పరిచి నల్లబోర్డు పెట్టాడు. సాయంత్రం బడి విడిచాక గంటసేపు చదువు, గంటసేపు ఆట. లెక్కలు చేసి సార్‌తో నోటుబుక్కులో సంతకం పెట్టించుకుంటేనే మేకుకు వేలాడే రాకెట్ చేతికొచ్చేది. మా బాపు కామారెడ్డి నుంచి గాంధారికి ఆటో నడిపేవాడు. సార్ మా ఇంటికి వచ్చి స్క్వాష్ నేర్పిస్తానంటే, సీసాలో నీళ్ళు కలుపుకుని తాగే తియ్యటి రసం అనుకుని, "షర్బత్ చేసుడు గూడ నేర్పిస్తరా సార్?" అని అమాయకంగా అడిగాడు. ఆ తర్వాత చాలా రోజులు మా వాడలో మమ్మల్ని షర్బత్ పిల్లలనే పిలిచారు.

గోడకు ఎన్నిసార్లు సున్నం వేసినా వానాకాలం రాగానే లోపలి బెల్లం నల్లటి మచ్చలై పైకి తేలేది. ఏళ్ళ తరబడి బస్తాలు ఆనుకున్న గోడ కదా, ఇటుకల్లోకి ఇంకిపోయింది. చీమలు ఎర్ర గీత వెంబడే బారులు కట్టేవి. ఆ మచ్చకు తగిలిన బంతి ఒక్క క్షణం అంటుకున్నట్టే ఉండి మెత్తగా జారిపోయేది, దాన్ని అందుకోవడం సార్ తరం కూడా కాదు. చిన్నపిల్లలు సార్ చూడకుండా గోడ నాకేవాళ్ళు. చల్లబడిన స్క్వాష్ బంతి ఎగరదు, వేడెక్కితేనే లేస్తుంది. అందుకని చదువుకునే గంటలోనే ఆ చిన్న నల్లబంతిని పిడికిట్లోనో చంకలోనో పెట్టుకుని ఎక్కాలు చదివేవాళ్ళం. రేకుల మీద వాన దంచుతుంటే మేం ఏం చదువుతున్నామో మాకే వినిపించేది కాదు. అప్పుడు సార్ చదువు ఆపించి, మార్కెట్ ముందు బండి మీద కాల్చిన మక్కకంకులు తెప్పించి తలా ఒకటి ఇచ్చేవాడు. ఉప్పూ కారమూ నిమ్మకాయా రాసిన ఆ కంకులు కొరుకుతూ, తడిసిన జుట్టు ఆరబెట్టుకుంటూ, ఎవరి బంతి ఎక్కువ వేడిగా ఉందో చెంపలకు ఆనించుకుని పోటీలు పడేవాళ్ళం.

రజిత నాకంటే నాలుగు నెలలు పెద్దది. ఎడమ చేతి వాటం. ఇంట్లో ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే వేళ్ళ మీద చిన్న దెబ్బ పడేది, కోర్టులో మాత్రం ఆ చేతిని ఆపేవాళ్ళు లేరు. అది ఆడుతుంటే కాళ్ళ చప్పుడు వినిపించేది కాదు, బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలిసినట్టు అక్కడ నిలబడి ఉండేది. నాకు ఆట కంటే లెక్కలు బాగా వచ్చేవి. దాని లెక్కలు నేను చేసిపెట్టేదాన్ని, నాకు అది మోకాళ్ళు వంచడం నేర్పేది. ఈ మాట బయటికి చెప్పకూడదని మా ఇద్దరి మధ్యా ఒట్టు. ఇట్లాంటి ఒట్లు మాకు చాలానే ఉండేవి.

రజిత వాళ్ళ నాన్న దుబాయిలో ఉండేవాడు. అమ్మా, అవ్వా బీడీలు చుట్టేవాళ్ళు. వాళ్ళ ఒంటిగదిలో అడుగు పెట్టగానే తడిపిన తునికాకు వాసన, దాని వెనకే పొగాకు ఘాటు. నాకు తుమ్ములే తుమ్ములు. అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని, చేతులకేసి చూడకుండానే ఆకు చుట్టి దారం బిగిస్తూ, గాంధారి దిక్కు తన చిన్ననాటి సంగతులు చెప్పేది. వానపడితే మక్కగారెలు చేసేది. బతుకమ్మ పండుగకు సత్తుపిండి ముద్దలు చేస్తే మొదటి ముద్ద నాకే. ఎందుకంటే మందుబిళ్ళల మీద రాసింది చదివేది నేను, దుబాయి నుంచి కొడుకు ఫోనులో పంపిన మాటలు చదివి వినిపించేది నేను. రజిత చదివితే అవ్వ ఒప్పుకునేది కాదు. "నువ్వు సగం మింగుతవ్. మంజుల చెప్పిందంటే ఖరారే" అనేది. ఆ మాటకు నేను ఎంత మురిసిపోయేదాన్నో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మేం తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు, హైదరాబాదులో ఒక పెద్ద బడివాళ్ళు మా గోదాం నుంచి ఒక్క పిల్లను తీసుకుంటామన్నారు. హాస్టలు, చదువు, ఆట, అన్నీ వాళ్ళవే. ఒక ఆదివారం వచ్చి లెక్కల పరీక్ష పెడతారు, ఆట చూస్తారు, ఒక్క పేరు రాసుకుని పోతారు. ఆ పేరు రజితదో నాదో అవుతుందని గోదాంలో అందరికీ తెలుసు. మాకూ తెలుసు. ఆ వారమంతా మేం ఒకరి మీద ఒకరం ఎక్కువ ప్రేమ చూపించుకున్నాం.

ఆటలో సార్ మాకు అన్నింటికంటే ముందు నేర్పింది ఆగడం. స్క్వాష్‌లో ఇద్దరూ ఒకే గదిలో, ఒకే గోడకేసి ఆడాలి. ఎదుటి మనిషి తరచూ బంతికి అడ్డం వస్తుంది. "మనిషి అడ్డముంటె కొట్టొద్దు. ఆగి 'లెట్' అని అడుగు. ఆ పాయింటు మల్ల ఆడుదాం, ఏం పోయింది?" అనేవాడు. మాకది 'లేట్' అని వినిపించింది, అట్లాగే ఖాయమైపోయింది. మా అమ్మ గరిటె ఎత్తితే "లేట్ అమ్మా, లేట్" అనేదాన్ని. "లేటెందే? గంట సంది పిలుస్తున్న" అని అమ్మ రెండు ఎక్కువ వేసేది. సార్ రెండో నియమం కండ్లద్దాలు. ఆ బంతి సరిగ్గా కంటిగుంట అంత ఉంటుందని, ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోకుండా గీత లోపలికి అడుగుపెడితే నెల రోజులు ఆట బంద్ అని సార్ చెప్పాడంటే చెప్పినట్టే. అయితే వానాకాలం ఉక్కకు అవి మసకబారేవి. తుడిచీ తుడవకముందే మళ్ళీ మసక.

ఆ వానాకాలం ఊళ్ళో కండ్లకలక తిరిగింది. ఇంటికొకరు కండ్లు ఎర్రగా చేసుకుని, బస్టాండు దగ్గర దొరికే నల్లద్దాలు పెట్టుకుని తిరిగేవారు. మా దగ్గర అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది: కండ్లకలక వచ్చినవాళ్ళ కండ్లలోకి చూడకూడదు. చూపుతోనే అంటుకుంటుందని నమ్మకం. బస్సులో పక్కన కూర్చున్నవాడు మొహం తిప్పుకుంటాడు, కిరాణా కొట్టువాడు తల వంచుకునే సరుకు కడతాడు, తల్లి అయినా సరే పళ్ళెం జరిపి గోడకేసి తిరుగుతుంది. అందులో ఎవరికీ తప్పు పట్టేది లేదు. రజిత వాళ్ళ అవ్వకు కూడా వచ్చి ఎనిమిది రోజులుండి తగ్గింది. ఆ ఎనిమిది రోజులూ రజితే మందు చుక్కలు వేసింది.

బుధవారం. సార్ ఆదివారం పనుల మీద బయటికి పోయాడు. రేకుల అవతల చిన్నపిల్లలు చదువుకుంటున్నారు, పైన వాన దంచుతోంది, మా అరుపులు కూడా అటువైపుకు వినిపించవు. అద్దాలు మసకబారితే ఇద్దరం తీసి మూలన పెట్టాం. రజిత గెలుస్తోంది. వరుసగా నాలుగు పాయింట్లు పోగొట్టుకుని, ఆదివారం ఇట్లాగే జరుగుతుందని నాకు ఏడుపొస్తోంది. బంతి నా వైపు వచ్చింది. రజిత నా ముందు, గోడకూ నాకూ మధ్యలో ఉంది, బంతి ఎక్కడుందో చూడటానికి తల వెనక్కి తిప్పింది. నేను చూశాను. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న ప్రతిసారీ 'చూడలేదు' అనే చెప్పుకున్నాను. చూశాను. ఆగాలని కూడా తెలుసు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

రజిత అరవలేదు. ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టుకుని నేల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని దాని వీపు రుద్దుతూ ఏదేదో వాగాను. కాసేపటికి అదే అంది: "ఎవ్వరికి చెప్పకు. అద్దాలు తీసినమని తెలిస్తె ఆదివారం ఇద్దర్ని ఆడనియ్యడు. గప్పటికి తగ్గుతది." కన్ను తెరిస్తే ఎర్రగా ఉంది. నీళ్ళు కారుతున్నాయి. అందులో వింతేమీ లేదు, ఊరంతా ఎర్ర కండ్లే.

ఇంటికి తీసుకుపోయాను. అవ్వ చాట ముందు నుంచే తల ఎత్తింది. "ఏమైందే కన్ను? గట్లెందుకున్నది?"

రజిత ఏం చెప్పాలనుకుందో నాకు తెలియదు. దానికి అవకాశం ఇవ్వలేదు. "కండ్లకలక అవ్వా" అన్నాను.

అవ్వ చప్పున కొంగు మొహం మీదికి లాక్కుని గోడకేసి తిరిగింది. ఆ గోడకే చెప్పుకుంది: "నా కండ్లల్లకెల్లే అంటింది బిడ్డకు. మొకం సూడకే, మొకం సూడకే అని మొత్తుకున్న. ఇన్నదా?" రజిత మంచి కంటితో నావైపు చూసింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఆ ఒక్క మాట ఎంత బాగా పనిచేసిందంటే, నాలుగు రోజులు ఆ పిల్ల కంట్లోకి మనిషన్నవాడు చూడలేదు. వాళ్ళమ్మ నల్లద్దాలు కొనుక్కొచ్చి పెట్టింది. ఆకుల బస్తాల వెనక మూలన పడక వేశారు. అవ్వ తనకు మిగిలిన మందు చుక్కలే తల తిప్పుకుని వేసింది. గురువారం నేను గడప దగ్గర నిలబడి పలకరించాను. అది అంటుకునేది కాదని లోకంలో నాకొక్కదానికే తెలుసు, అయినా నేనూ నేలకేసి చూస్తూనే మాట్లాడాను. శుక్రవారం సార్ "రజిత ఏది?" అని అడిగాడు. "కండ్లకలక సార్." ఆయన కూడా అరడుగు వెనక్కి వేసి, "అయ్యో, అయితే రావొద్దను. అందరికి అంటితే ఆదివారం పాడయితది" అన్నాడు. ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే శుక్రవారమే ఆసుపత్రికి పోయేది. మాట ఇచ్చాను కదా అనుకున్నాను. దానికిచ్చిన మాట కోసమే ఊరుకున్నానా, ఆదివారం కోసమా? నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

ఆదివారం వాళ్ళు వచ్చారు. లెక్కలన్నీ చేశాను, ఇంకో పిల్లతో ఆడి గెలిచాను, వాళ్ళు నా పేరు రాసుకున్నారు. సంతోషపడ్డాను. అది కూడా చెప్పాలి. ఇంటికి పోయి రెండు సార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను.

సోమవారం పొద్దున రజిత కంటికి ఒక దిక్కు నుంచి నల్లగా పరదా జారింది. వాళ్ళమ్మ హైదరాబాదు తీసుకుపోయింది. డాక్టరు రెప్ప ఎత్తి చూసి, ఇది దెబ్బ, తగిలిన రోజే రావాల్సింది అన్నాడట. అప్పుడు రజిత బంతి సంగతి ఒప్పుకుంది. ఒక్కదాన్నే ఆడుకుంటుంటే గోడకు కొట్టిన బంతి తిరిగి తగిలిందని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. కన్ను దక్కలేదు.

సార్ మా ఇంటికొచ్చాడు. బాపు కుర్చీ వేస్తే కూర్చోలేదు. "నీకు తెలుసా బిడ్డా?" అని నన్నడిగాడు. "తెల్వదు సార్. కండ్లకలక అనే అనుకున్న" అన్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నేను సిమెంటు గచ్చు మీద పగులును చూస్తూ నిలబడ్డాను. చివరికి హైదరాబాదు బడి కాగితం బాపు చేతికిచ్చి, సంతకం చేయవలసిన చోటు చూపించి, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆడపిల్ల కన్ను పోగొట్టిన ఆట అని ఊళ్ళో మాట పుట్టింది. ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించారు. నేను హాస్టలుకు పోయిన కొన్నాళ్ళకు గోదాం మూతపడింది, సార్ మళ్ళీ క్లబ్బుకే వెళ్ళిపోయాడని విన్నాను. రజిత వాళ్ళు ఎల్లారెడ్డిలో మేనమామ దగ్గరికి పోయారు. ఆ ఎల్లారెడ్డే మా అమ్మ పుట్టిల్లు. సెలవుల్లో పోతే బస్టాండు దాటేదాకా తల వంచుకునే నడిచేదాన్ని. ఎప్పుడో ఒకరోజు అవ్వ దగ్గరికి పోయి నిజం చెప్పేస్తాననుకుంటూ ఏళ్ళు గడిపాను. రజితకు తెలియనిది ఏమీ లేదు, చెప్పాల్సింది అవ్వకే. ఇప్పుడు నేను లెక్కల టీచరును. బడికి ఏ పిల్లైనా ఎర్ర కండ్లతో వస్తే తోటి టీచర్లు మొహం తిప్పుకుంటారు. నేను మాత్రం కిటికీ దగ్గరికి తీసుకుపోయి, రెప్ప ఎత్తి, ఏమైనా తగిలిందా అని నాలుగు సార్లు అడుగుతాను. నాకు పిచ్చి అని పిల్లలు అనుకుంటారు. కావచ్చు.

ఈ శ్రావణంలో ఎల్లారెడ్డిలో మామయ్య వాళ్ళ ఇంట్లో వ్రతానికి పోయాను. బస్సు దిగి పక్క గల్లీలోకి తిరిగానో లేదో ఒక కుట్టుమిషన్ కొట్టు మెట్ల మీద నుంచి కేక: "ఓ మంజుల! మొకం తిప్పుకొని ఇంకెన్ని దినాలు పోతవే?"

రజిత. లావైంది. లోపలికి లాక్కుపోయి చాయ్ పెట్టింది, ఎదురుగా కూర్చుంది. ఎడమ కన్ను పాలు కలిసినట్టు తెల్లగా ఉంది. చూశాను. పూర్తిగా, తల తిప్పకుండా చూశాను. "రజితా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టేసరికి చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు కొట్టినవ్, నేను తిరిగి సూసిన. అద్దాలు ఇద్దరం తీసినం. గా ముచ్చట ఒడిసింది. ఒక కన్నుతోని ఈ గల్లీల నా అంత మంచిగ జాకెట్ కుట్టేటోళ్ళు లేరు." కాసేపు దారం సర్దుకుంది. "అవ్వ సంగతే మనసుల ఉంటది. పోయిన ఏడు పోయింది. సచ్చేదాక నా మొకం సూడలే."

"ఎందుకు?" అన్నాను. అడిగాక అర్థమైంది.

"తన కండ్లల్లకెల్లి అంటే నా కన్ను పోయిందని. అన్నం పెట్టబోతె కొంగు కప్పుకునేది. ఇంగొక కన్ను గూడ పోతదేమో, సూడకు బిడ్డా అనేది. బంతి తాకింది అవ్వా అని నేను ఎంత చెప్పిన, మా అమ్మ ఎంత చెప్పిన ఇనలే. డాక్టర్లకు ఏం తెలుసనేది. మంజుల కండ్లకలక అని చెప్పింది, బంతి సంగతి తెల్వదని సార్‌కు గూడ చెప్పింది, గా పిల్ల అబద్ధమాడది అనేది."

వీధిలో బస్సు హారన్ మోగింది. రజిత మిషన్ దగ్గరికి జరిగి కుట్టుపని అందుకుంది. కామారెడ్డిలో ఇప్పుడు ఆ గోదాం లేదు, దాని చోట అద్దాల ముఖద్వారంతో ప్లైవుడ్ దుకాణం ఉంది. ఆ గోడ ఎక్కడుండేదో నేనే గుర్తుపట్టలేకపోయాను. సార్ ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. షర్బత్ పిల్లలంటే ఎవరని అడిగితే చెప్పేవాళ్ళు ఆ వాడలో మిగల్లేదు. వాటికి ఏడవచ్చు, ఏడ్చి ఊరుకోవచ్చు. ఒక ముసలిమనిషి అంతకాలం తన చూపుకు తానే భయపడి బతికిందంటే మాత్రం ఏం చేయాలో నాకు తెలియలేదు.

మిషన్‌కు ఎదుటి గోడకు అవ్వ ఫొటో ఉంది. ఆధార్ కార్డులోది పెద్దగా చేయించారట. ఫొటోవాడు తల నిటారుగా పెట్టమన్నాడు కాబోలు, సూటిగా చూస్తోంది. లేచి దాని ముందు నిలబడ్డాను.

"కండ్లకలక కాదవ్వా. నేను కొట్టిన బంతి" అన్నాను.

వెనక రజిత మిషన్ తొక్కడం ఆపింది. "జర గట్టిగ చెప్పవే. ఆఖరికి అవ్వకు చెవులు గూడ ఇనరాకుంట అయినయ్."